డైలాగు అప్పజెబితే మాట్లాడినట్టు కాదు

తరగతి గదిలో రోల్‌ప్లే (తలో పాత్ర వేసి మాట్లాడుకునే ఆట) ద్వారా ఇంగ్లిష్ మాట్లాడించడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లోంచి కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఉదాహరణకు తీసుకున్న ఇంగ్లిష్ వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే రాశాం.

ప్రశ్న: తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. ‘బస్టాండులో’, ‘డాక్టరు దగ్గర’ అంటూ డైలాగులు రాసిచ్చి, ఇద్దరిద్దరిని ముందుకు పిలిచి రోల్‌ప్లే చేయిస్తున్నాను. గడగడా చెప్పేస్తారు. మర్నాడు అదే పిల్లవాణ్ణి వరండాలో ఆపి ‘వై ఆర్ యు లేట్?’ అంటే నోరు పెగలదు. లోపం ఎక్కడుంది?
– ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు చేయిస్తున్నది పద్యం అప్పజెప్పించడం లాంటిదే. ఎదుటివాడు తర్వాత ఏమంటాడో పిల్లవాడికి ముందే తెలుసు. ఇక వినాల్సిన పని లేదు. విన్నదాన్ని బట్టి అప్పటికప్పుడు మాట కూర్చుకునే పని అసలే లేదు. మాట్లాడటంలో కష్టమంతా ఆ రెండింట్లోనే ఉంది. కాబట్టి ఆ కష్టం మీ పిల్లలకు ఇంతవరకూ ఎదురు కాలేదు.

డైలాగు రాసివ్వడం మానేసి పరిస్థితి రాసివ్వండి. ఇద్దరికీ వేర్వేరు చీటీలు ఉండాలి. ఒకరి చీటీలో ఉన్న సంగతి రెండోవారికి తెలియకూడదు. అది అడిగి తెలుసుకుంటే తప్ప తన పని పూర్తి కాకూడదు. మీ బస్టాండు పాఠాన్నే అలా మారుస్తే ఇలా ఉంటుంది.

ప్రయాణికుడి చీటీ: ‘మీ నాయనమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం 12 లోపు బస్సు దిగాలి. నాయనమ్మ వెనక సీట్లలో కూర్చోలేదు, కుదుపు పడదు. జేబులో 500 రూపాయలున్నాయి. నాయనమ్మ ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయారు.’

ఎంక్వైరీ కౌంటర్ ఉద్యోగి చీటీ: ‘ఎక్స్‌ప్రెస్ 6.45కు బయల్దేరి 11.45కు చేరుతుంది. టికెట్ 240. ఆడవాళ్లకు ఉచితం, కానీ గుర్తింపు కార్డు చూపాలి. చివరి వరుసలోనే సీట్లున్నాయి. డీలక్స్ 7.00కు బయల్దేరి 11.30కు చేరుతుంది. టికెట్ 270. ముందు సీట్లున్నాయి. సూపర్ లగ్జరీ 7.30కు బయల్దేరి 12.15కు చేరుతుంది. అడగనిదే ఏదీ చెప్పవద్దు.’

ఈ వేళలూ చార్జీలూ ఆట కోసం వేసినవి. మీ డిపో లెక్కలు వేసుకుంటే ఇంకా మంచిది. తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి ‘కార్డు లేకపోతే ఎలా?’ అన్న చిక్కు పిల్లలకు కొత్త కాదు. ఇప్పుడు చూడండి: డీలక్స్‌లో ఇద్దరికి 540, చేతిలో 500. ఎక్స్‌ప్రెస్‌లో 480తో సరిపోతుంది గానీ వెనక సీట్లు. సరైన జవాబు ఒక్కటంటూ లేదు. ఒకడు ముందు సీటులో ఉన్నవాళ్లను బతిమాలి సీటు మార్పించమంటాడు. ఇంకొకడు కార్డు ఫొటో ఫోన్‌లో తెప్పిస్తే ఒప్పుకుంటారా అని అడుగుతాడు. ఆ బేరసారాల దగ్గరే భాష పుడుతుంది.

చీటీల దగ్గర మూడు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది, చిక్కు పెట్టకపోవడం. ‘హైదరాబాద్ బస్సు ఎప్పుడు?’, ‘ఏడింటికి’, ‘థాంక్యూ’, అయిపోయింది. రెండోది, ‘అడగనిదే చెప్పవద్దు’ అన్న మాట మర్చిపోవడం. అప్పుడు కౌంటర్ వాడు చీటీ మొత్తం ఏకబిగిన చదివేస్తాడు, రెండోవాడు తలూపి ఊరుకుంటాడు. మూడోది, చీటీని పూర్తి ఇంగ్లిష్ వాక్యాలతో నింపడం. ‘ఐ వాంట్ టు గో టు హైదరాబాద్’ అని రాసిస్తే దాన్నే చదువుతాడు. అందుకే మొదటి మూడు నాలుగు సార్లు చీటీలు తెలుగులోనే ఇవ్వమని మా సలహా. తెలుగు చీటీని ఎవడూ పైకి చదివి తప్పించుకోలేడు. అలవాటయ్యాక ఇంగ్లిష్‌లో, అదీ పొడి మాటలుగా ఇవ్వండి: ‘టూ సీట్స్, ఫ్రంట్, బిఫోర్ 12’.

ప్రశ్న: తరగతిలో 48 మంది. పీరియడ్ 45 నిమిషాలు. అందరికీ అవకాశం ఎలా వస్తుంది? ఒకేసారి మాట్లాడిస్తే గోల. పక్క తరగతి నుంచి ఫిర్యాదులు వస్తాయి.
– స్కూల్ అసిస్టెంట్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: జంటలను ఒక్కొక్కటిగా ముందుకు పిలిస్తే లెక్క తేలదు. 24 జంటలకు తలా రెండు నిమిషాలంటే 48 నిమిషాలు. పీరియడే దాటిపోయింది. ఆ మిగతా 46 మంది చేసేది ఏమీ లేదు. అందరూ ఒకేసారి, కూర్చున్న చోటే మాట్లాడాలి. పీరియడ్‌ను ఇలా పంచుకోండి.

మొదటి 5 నిమిషాలు పరిస్థితి చెప్పడానికి. ఇది తెలుగులో చెప్పినా నష్టం లేదు. తర్వాత 8 నిమిషాలు కావాల్సిన వాక్యాలు బోర్డు మీద రాసి పలికించడానికి. ఆపైన 3 నిమిషాలు ప్రయాణికులంతా ఒకవైపు, కౌంటర్ వాళ్లంతా ఒకవైపు చేరి ‘మనం ఏం అడగాలి, ఏం చెప్పాలి’ అని తమలో తాము మాట్లాడుకోవాలి. ఈ మూడు నిమిషాలను చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే వెనకబడిన పిల్లలు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. తర్వాత 7 నిమిషాలు మొదటి ఆట. 5 నిమిషాలు ఆపి, ఎక్కడ తడబడ్డారో అడిగి, ఆ రెండు మూడు మాటలు అందించండి. మళ్లీ 7 నిమిషాలు రెండో ఆట, ఈసారి పాత్రలు మార్చి, జత కూడా మార్చి. చివరి 10 నిమిషాలు తప్పుల పని.

రెండో ఆట తీసేయొద్దు. మొదటిసారి పిల్లవాడి ధ్యాసంతా ‘ఏం చెప్పాలి’ మీదే ఉంటుంది. రెండోసారికి సంగతి తెలిసిపోయింది కాబట్టి ‘ఎలా చెప్పాలి’ మీదికి మళ్లుతుంది. మెరుగుదల కనిపించేది అక్కడే. కాకపోతే పాత్రలు మార్చినప్పుడు చీటీల్లో రెండు అంకెలైనా మార్చాలి, లేకపోతే రహస్యం ఉండదు. ముందు రోజే రెండు రకాల చీటీలు సిద్ధం చేసుకోండి. ఒక్కో రకానికి ప్రయాణికుడివి 24, ఉద్యోగివి 24. ఒక ఏ4 కాగితంలో ఎనిమిది చీటీలు వస్తాయి కాబట్టి రకానికి ఆరు కాగితాలు చాలు. ఆట అయ్యాక వాపసు తీసుకుని దాచుకుంటే ఏటా పనికొస్తాయి.

బెంచీలో ముగ్గురుంటే మూడోవారికి పరిశీలకుడి పని ఇవ్వండి. అతని కాగితంలో మూడే గళ్లు: ఎన్ని ప్రశ్నలు అడిగారు, అర్థం కానప్పుడు మళ్లీ అడిగారా, తెలుగులోకి జారింది ఏ మాట దగ్గర. ఆ మూడో గడిలో రాసిన మాటలే మీ రేపటి పాఠం.

గోల విషయానికొస్తే, మాటల చప్పుడు వేరు, అల్లరి వేరు. అల్లరి మొదలయ్యేది పని ముందే అయిపోయిన జంటల దగ్గర. అందుకే బోర్డు మీద ఒక అదనపు పని రాసి ఉంచండి: ‘అయిపోయినవారు తిరుగు ప్రయాణం టికెట్ గురించి అడగండి’. ఆపడానికి అరవకండి. చెయ్యెత్తి నిలబడండి, చూసినవాళ్లు మాట ఆపి చెయ్యెత్తాలి. బెంచీలు ఎదురెదురుగా దగ్గరకు జరిపితే గొంతు పెంచాల్సిన అవసరమే రాదు. వేపచెట్టు కింద జాగా ఉంటే, తరగతిలో సగం మందిని అక్కడ కూర్చోబెట్టడం అన్నింటికన్నా సులువు.

ప్రశ్న: ఆట మొదలైన అర నిమిషానికే తెలుగులోకి వెళ్లిపోతున్నారు. తెలుగు మాట్లాడితే పది రూపాయల జరిమానా పెడదామని మా స్టాఫ్ మీటింగులో అన్నారు. పెట్టొచ్చా?
– ప్రైవేటు హైస్కూల్ టీచర్, నెల్లూరు

జవాబు: పెట్టకండి. జరిమానా పెడితే పిల్లలు ఇంగ్లిష్‌లోకి వెళ్లరు, మౌనంలోకి వెళ్తారు. డబ్బు పోకుండా ఉండే సులువైన దారి నోరు మూసుకోవడమే కదా. అమ్మభాష మాట్లాడటం నేరమన్న భావన చిన్నప్పుడే పడితే అది ఇంగ్లిష్ మీద భయంగా కూడా మారుతుంది. సిద్ధమయ్యే మూడు నిమిషాల్లో తెలుగు ఉండనివ్వండి. పాత్రలోకి వెళ్లాక మాత్రం ఇంగ్లిష్ అని గీత గీయండి.

తెలుగులోకి జారడానికి అసలు కారణం మాట తట్టకపోవడం. అప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికివ్వాలి. ఈ ఐదు వాక్యాలు చార్టు మీద రాసి గోడకు శాశ్వతంగా తగిలించండి: ‘సారీ, కుడ్ యు సే దట్ ఎగైన్?’, ‘కుడ్ యు స్పీక్ స్లోలీ, ప్లీజ్?’, ‘డు యు మీన్ సెవెన్ ఓర్ సెవెన్ థర్టీ?’, ‘వన్ మినిట్, లెట్ మి థింక్’, ‘ఐ డోంట్ నో ద వర్డ్, ఇట్స్ లైక్...’. చివరిది చాలా విలువైనది. ‘కుదుపు’కు ఇంగ్లిష్ మాట తెలియని పిల్ల ‘ద బస్ గోస్ అప్ అండ్ డౌన్, మై గ్రాండ్‌మదర్ గెట్స్ పెయిన్’ అంటే ఆ రోజు పాఠం ఫలించినట్టే. ఏదీ తోచకపోతే ఆ ఒక్క తెలుగు మాటను వాక్యంలో అలాగే పెట్టి ముందుకు సాగమనండి. వాక్యం మొత్తం తెలుగులోకి మారడం కన్నా అది మేలు.

ప్రశ్న: ఒకరి తప్పులు ఒకరు విని అవే నేర్చుకుంటారేమో! పిల్లలు మాట్లాడుతుండగా తప్పు వినబడితే వెంటనే దిద్దాలా? ఏ తప్పులు దిద్దాలి?
– ఆదర్శ పాఠశాల టీచర్, కర్నూలు జిల్లా

జవాబు: మీ అనుమానం కొట్టిపారేయదగింది కాదు. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో బెంగళూరు ప్రాజెక్టు పేరుతో ఇంగ్లిష్ బోధన ప్రయోగం నడిపిన ఎన్.ఎస్. ప్రభు సరిగ్గా ఈ కారణంతోనే జంటల పనికీ బృందాల పనికీ దూరంగా ఉన్నారు. నేర్చుకునేవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటే తప్పులే గట్టిపడతాయని ఆయన భయం. దానికి ఆయన పాటించిన పద్ధతి, మొదట ఉపాధ్యాయుడు అలాంటి పనినే తరగతి మొత్తంతో బాహాటంగా చేయించడం, ఆ తర్వాత విద్యార్థి సొంతంగా చేయడం. ఆయన జంటలను వద్దన్నా, ఆ మొదటి మెట్టును మనం నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఆటకు ముందు మీరే కౌంటర్ ఉద్యోగి అవ్వండి. తరగతి మొత్తం ప్రయాణికుడు. వేరే ఊరి బస్సు గురించి మిమ్మల్ని ప్రశ్నలడగమనండి. తప్పుగా అడిగితే మీరు జవాబులో సరైన రూపం కలిపి చెప్పండి. ‘వెన్ బస్ ఈజ్ రీచింగ్?’ అని వినబడితే ‘వెన్ డజ్ ఇట్ రీచ్? ఇట్ రీచెస్ ఎట్ ఎలెవెన్’. జంటలుగా విడిపోయేసరికి వాళ్ల చెవుల్లో మంచి నమూనా ఉంటుంది.

జంటల ఆట నడుస్తున్నప్పుడు మాత్రం నోరు విప్పకండి. మధ్యలో ఆపి దిద్దితే పిల్లవాడి ఆలోచన తెగిపోతుంది, రెండోసారి ఆపితే మాట్లాడటమే మానేస్తాడు. చిన్న పుస్తకం పట్టుకుని బెంచీల మధ్య తిరగండి. విన్న తప్పులు రాసుకోండి. చివరి పది నిమిషాల్లో ఆరు వాక్యాలు బోర్డు మీద రాయండి: నాలుగు తప్పువి, రెండు చక్కనివి. ఎవరన్నారో చెప్పకండి. తప్పును పిల్లల చేతే పట్టించండి. ఇరవై తప్పులు రాస్తే ఒక్కటీ నిలవదు.

ఏవి దిద్దాలంటే, వినేవాడికి అర్థం కాకుండా చేసేవి, అపార్థం కలిగించేవి. తెలుగు పిల్లల్లో ఇవి ఊహించగలిగినవే.

మొదటిది ప్రశ్న. తెలుగులో ‘వచ్చాడు’ను ప్రశ్న చేయాలంటే ‘వచ్చాడా’ అంటే చాలు, మాటల వరుస కదలదు. అందుకే ‘వై యు ఆర్ లేట్?’, ‘యు కేమ్ యెస్టర్‌డే?’ అంటారు. ‘డిడ్’ గుర్తొచ్చినప్పుడు ‘డిడ్ యు వెంట్?’ అని రెండుచోట్లా భూతకాలం పెడతారు. సూత్రం వల్లింపజేస్తే ఇది పోదు. వరసగా ఎక్కువ ప్రశ్నలు అడగాల్సిన పాత్రలు ఇవ్వాలి: పోగొట్టుకున్న వస్తువు గురించి వాకబు చేసే పోలీసు, రోగిని అడిగే డాక్టరు, పంచాయతీ సర్వే చేసే ఉద్యోగి. ‘కనీసం ఎనిమిది ప్రశ్నలు’ అని చీటీలోనే రాయండి.

రెండోది మర్యాద, దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది: ‘ఇవ్వు’, ‘ఇవ్వండి’. ఇంగ్లిష్ క్రియకు ఆ ‘అండి’ లేదు. మనసులో ‘ఒక ఫారం ఇవ్వండి’ అనుకునే పిల్లవాడు పైకి ‘గివ్ మి వన్ ఫారం’ అంటాడు. అతని మనసులోని మర్యాద ఎదుటివారి చెవికి చేరదు, ఆజ్ఞలా వినిపిస్తుంది. ప్రతి వాక్యానికీ ‘సర్’ తగిలించినా లోటు తీరదు. ‘కెన్ ఐ హావ్ ఎ ఫారం, ప్లీజ్?’, ‘కుడ్ యు చెక్ ద టైమ్?’, ‘వుడ్ ఇట్ బి ఓకే ఇఫ్ ఐ పే టుమారో?’ అన్న మూడు నమూనా వాక్యాలను బ్యాంకు, ఆసుపత్రి, రేషన్ దుకాణం ఆటల్లో మార్చి మార్చి వాడించండి. ఎదుటి పాత్రకు ఒక నియమం పెట్టండి: మర్యాదగా అడగకపోతే ‘సారీ, ఐ యామ్ బిజీ’ అనాలి. మీరు దిద్దనక్కర్లేకుండా ఆటే దిద్దుతుంది.

మూడోది ఉచ్చారణ. మన మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘బుక్’ చివర ‘ఉ’ చేరి ‘బుక్కు’ అవుతుంది. మాట మొదట్లో ‘ఎ’ ఉంటే ‘యె’ అవుతుంది, ‘ఎగ్’ కాస్తా ‘యెగ్గు’. ఇంగ్లిష్‌లో రెండు వకారాలు ఉంటే మనకు ఒకటే ఉంది. పడమరకూ లోపలి బనీనుకూ ఉన్న ఇంగ్లిష్ మాటలు రెండూ తెలుగులో ‘వెస్ట్’ అనే రాయాలి. బనీను మాటకు పైపళ్లు కింది పెదవిని తాకాలి. పడమరకు పళ్లు తాకకూడదు, పెదాలు గుండ్రంగా సున్నా చుట్టాలి. చేతిలో చిన్న అద్దం పెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వీటన్నింటికన్నా అర్థానికి అడ్డుపడేది ఊనిక, అంటే మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలన్నది. ‘హోటెల్’లో రెండో భాగాన్ని నొక్కాలి, ‘డెవెలప్’లో ‘వె’ మీద నొక్కాలి. మనం అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతాం. బోర్డు మీద రాసే మాటల్లో నొక్కాల్సిన భాగం కింద గీత గీయడం అలవాటు చేసుకోండి, చాలు.

‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘మైసెల్ఫ్ సో అండ్ సో’ లాంటివి అర్థానికి అడ్డం రావు. వాటిని ఓ రోజు విడిగా చూసుకోవచ్చు.

ప్రశ్న: చురుకైనవాళ్లే మొత్తం మాట్లాడేస్తారు. కొందరు ఆడపిల్లలు, బిడియస్తులు తలదించుకుని కూర్చుంటారు. వాళ్లతో ఎలా మాట్లాడించాలి?
– ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: బిడియం ఉన్న అమ్మాయికి సమాచారం ఉన్న పాత్ర ఇవ్వండి, చురుకైన అమ్మాయికి అడిగే పాత్ర. సమాచారం ఈమె దగ్గరుంది కాబట్టి చురుకైన అమ్మాయి ఈమెను దాటిపోలేదు. జవాబులు కూడా ‘యెస్, టూ సీట్స్’, ‘నో, ఓన్లీ బ్యాక్’ అంత పొట్టివైనా ఆట నడుస్తుంది. రెండు వారాల తర్వాత పాత్రలు తిప్పండి.

ఫోన్ ఆట ఇంకో మంచి ఉపాయం. ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టి ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు చేయించండి. గ్యాస్ బుకింగ్, డాక్టరు అపాయింట్‌మెంట్, సెలవు అడగడం, ఏదైనా సరే. కళ్లలోకి చూడనక్కర్లేదు కాబట్టి బెరుకు తగ్గుతుంది. చేతి సైగలు పనిచేయవు కాబట్టి మాటే వాడాలి, చెవి పెట్టి వినాలి. అమ్మాయిలను అబ్బాయిలతో జత కట్టించాలన్న పట్టుదల మొదట్లో వద్దు. అందరి ముందూ ప్రదర్శన అసలు అవసరమే లేదు. ఇష్టపడి వచ్చిన ఒక జంట చాలు. నత్తి ఉన్న పిల్లలకు సమయపు పరిమితి పెట్టకండి, వాళ్ల వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయకుండా చూడండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. తెలుగు మీడియం నుంచి వచ్చాను. ఇంటర్వ్యూ కోసం హాస్టల్లో స్నేహితులతో రోల్‌ప్లే చేస్తున్నాం. ‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’ బాగా వచ్చింది, తర్వాతి ప్రశ్నకు తడబడుతున్నాను.
– విద్యార్థి, కాకినాడ

జవాబు: మొదటి జవాబు కంఠతా పట్టారు, రెండోది పట్టలేదు. అంతే తేడా. ఇంటర్వ్యూ చేసేవారికి కావాల్సింది ఆ రెండోదే. ముగ్గురు కూర్చోండి: అడిగేవారు, చెప్పేవారు, గమనించేవారు. అడిగేవారికి ఒకే నియమం: మొదటి ప్రశ్న తప్ప మిగతా ప్రతి ప్రశ్నా మీరు ఇప్పుడే అన్న మాటలోంచే పుట్టాలి. ‘ఐ డిడ్ ఎ ప్రాజెక్ట్ ఆన్ డ్రిప్ ఇరిగేషన్’ అంటే ‘హు చోజ్ ద టాపిక్?’, ‘వాట్ వెంట్ రాంగ్?’, ‘వాట్ డిడ్ యు డు దెన్?’. ఇలా పది నిమిషాలు. ఫోన్‌లో రికార్డు చేయండి. మొత్తం వినక్కర్లేదు. బాగా తడబడిన ఒక్క నిమిషం ఎంచుకుని, అన్నది అన్నట్టు కాగితం మీద రాయండి, ‘ఆ... ఆ...’లతో సహా. రాసినప్పుడే తప్పులు కంటికి కనిపిస్తాయి. సరిచేసిన వాక్యాలను రెండుసార్లు పలికి, మర్నాడు వేరే స్నేహితుడితో అదే ఇంటర్వ్యూ చేయండి.

ధార కోసం ఇంకో కసరత్తు: మీ ప్రాజెక్టు గురించి ఒకరికి 4 నిమిషాల్లో, రెండోవారికి అదే సంగతి 3 నిమిషాల్లో, మూడోవారికి 2 నిమిషాల్లో చెప్పండి. వినేవారు మారాలి, విషయం మారకూడదు. మూడోసారికి తడుములాట తగ్గుతుంది. తోడు దొరకనప్పుడు ఫోన్‌లోని ఏఐ యాప్‌తో మాట్లాడుకోవచ్చు. కాకపోతే అది చాలా ఓపికగా వింటుంది. అసలు ఇంటర్వ్యూలో మధ్యలో అడ్డు తగులుతారు. కాబట్టి ‘నా జవాబు మధ్యలో ఆపి ప్రశ్నలు వెయ్యి’ అని దానికి ముందే చెప్పండి.

ప్రశ్న: రోల్‌ప్లేకు మార్కులు ఎలా వేయాలి? ఒకే పీరియడ్‌లో 48 మందిని వినలేను.
– ఉపాధ్యాయుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఒకే పీరియడ్‌లో వద్దు. పీరియడ్‌కు నాలుగు జంటల చొప్పున ఆరు పీరియడ్లలో అందరూ అయిపోతారు. మిగతా తరగతి మామూలుగా ఆడుతుంటే మీరు ఆ జంటల బెంచీ దగ్గర మూడు నిమిషాలు కూర్చోండి. పది మార్కులు: పని పూర్తయిందా, 4. విని అర్థం చేసుకున్నారా, కానప్పుడు మళ్లీ అడిగారా, 3. వాక్యాలు, మాటలు, 2. ఉచ్చారణ, 1. వ్యాకరణానికి సగం మార్కులు పెడితే పిల్లలు తప్పు దొర్లకుండా ఉండే పొట్టి వాక్యాలకే అతుక్కుంటారు, సాహసించి మాట్లాడినవాళ్లు నష్టపోతారు. అభినయానికి, వేషానికి మార్కులు వేయకండి. నటన రానివాడు కూడా ఇంగ్లిష్ బాగా మాట్లాడగలడు. ఇద్దరికీ విడివిడిగా వేయండి, జత బాగోలేదని ఒకరు నష్టపోకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి. మా ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు. ఇంట్లో ఇలాంటివి మేం చేయించగలమా?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: చేయించగలరమ్మా. మీకు ఇంగ్లిష్ రాకపోవడమే ఈ ఆటలో మీ పాత్ర. పాప దుభాషి. మీరు తెలుగు మాత్రమే తెలిసిన, కూరగాయలు అమ్మే మనిషి. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన కొనుగోలుదారుగా పెద్ద పిల్లలెవరైనా, పక్కింటి కాలేజీ అబ్బాయైనా ఉంటే సరి. వాళ్లు ‘హౌ మచ్ ఆర్ ద బ్రింజాల్స్?’ అంటే పాప మీకు తెలుగులో చెప్పాలి. మీరు ‘కిలో నలభై, లేతవి’ అంటే పాప వాళ్లకు ఇంగ్లిష్‌లో చెప్పాలి. మీరు బేరం ఒప్పుకోకండి, ‘రెండు కిలోలు తీసుకుంటే 70’ అనండి. పాపకు రెండువైపులా చెప్పాల్సిన పని పడుతుంది.

రోజుకు పది నిమిషాలు చాలు, వారానికి మూడు రోజులు. మాట తట్టక ఆగితే మీరు కంగారుపడి బడిలో ఏం నేర్పారని అడగొద్దు. తెలియని మాటలు ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుని, మర్నాడు టీచరును అడిగి రమ్మనండి. ‘లేత’కు ఇంగ్లిష్ మాట తెలుసుకుని వచ్చిన రోజు అదే ఆట మళ్లీ ఆడించండి, ఈసారి బెండకాయలతో.